మూత్రం తన్నుకొచ్చినప్పుడు పరుగెత్తకండి, ఆగి నిలబడండి

బడి గంట మోగితే నాకు మూత్రం వచ్చేది. మాటవరసకు చెప్పడం లేదు, నిజంగా అంతే. 24 ఏళ్లుగా హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. పీరియడుకీ పీరియడుకీ మధ్య దొరికే ఐదు నిమిషాల్లో, వచ్చినా రాకపోయినా, "ఎందుకైనా మంచిది, మళ్లీ ముప్పావు గంట నిలబడాలి" అనుకుని బాత్రూంకి వెళ్లొచ్చేయడం ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే అలవాటైంది. 47వ ఏట ఆ అలవాటే నా మీద పెత్తనం మొదలుపెట్టింది. గంట మోగీ మోగగానే పొత్తికడుపులో తన్నుకొచ్చేది. ఆదివారం ఇంట్లో కూర్చున్నా, ఎక్కడైనా గంట శబ్దం వినిపిస్తే అదే పరిస్థితి. సాయంత్రం ఇంటికి చేరి తాళంచెవి తిప్పే క్షణం అన్నిటికంటే ఘోరం. అప్పటిదాకా బాగానే ఉండేది, చెవి తాళంలో పడగానే ఇక ఆగేది కాదు. మూడుసార్లు గుమ్మం దగ్గరే బట్టలు తడిశాయి.

ఏడాదిన్నర ఎవరికీ చెప్పుకోలేదు. మూత్రం నిండే సంచి చిన్నదైపోయింది, వయసు మీద పడుతోంది అనుకున్నాను. నీళ్లు తాగడం తగ్గించాను. ఎక్కడికెళ్లినా ముందు బాత్రూం ఎటుందో చూసుకునేదాన్ని. మందులూ ఆపరేషనూ లేకుండానే చివరికి బాగుపడ్డాను. మూత్రం ఎప్పుడు పోయాలో నిర్ణయించేది మెదడేనని అర్థం చేసుకుని, దానికి మొదటినుంచి మళ్లీ పాఠం చెప్పాను. నాలాగా బయటికి చెప్పుకోలేక లోలోపల కుమిలిపోతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏం చేయాలో చెబుతాను, ఎందుకు చేయాలో కూడా చెబుతాను. కారణం తెలియకపోతే నాలుగో రోజుకే మానేస్తాం.

ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి

మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, షుగర్ ఉన్నా, సంచి పూర్తిగా ఖాళీ కాక అడుగున మూత్రం మిగిలిపోతున్నా ఇలాగే మాటిమాటికీ వస్తుంది. మగవాళ్లకు ప్రొస్టేట్ గ్రంథి పెరిగినా ఇంతే. నాకు మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష చేశారు. మూత్రం పోసి వచ్చాక స్కానింగ్‌లో ఎంత మిగిలిందో చూశారు. అన్నీ బాగున్నాయన్నాకే సాధన మొదలైంది. మూత్రంలో రక్తం, మంట, జ్వరం ఉంటే ముందు వాటి సంగతి చూడాలి. మూత్రం అసలు రాకుండా బిగుసుకుపోయినా, తొడల మధ్య, కూర్చునే చోట మొద్దుబారినా, కాళ్లలో పట్టు తప్పినా ఆ క్షణమే ఆసుపత్రికి బయల్దేరండి. వెన్ను చివర ఉండే నరాలు నలిగితే అలా అవుతుంది, ఒక్కో గంటా ముఖ్యమే.

మూడు రోజులు కొలవండి

నన్ను ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపారు. మా అమ్మాయి వయసుంటుంది ఆమెకు. నేను చెప్పిందంతా విని, "మేడమ్, ఒక్కోసారికి ఎంత వస్తోందో కొలిచారా?" అంది. కొలవలేదు. రోజంతా అంకెలతోనే బతికే నాకు ఆ ఆలోచనే తట్టలేదు. అంచుకు మిల్లీలీటర్ల గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి తెచ్చుకున్నాను. నోటుబుక్కులో నిలువు గీతలు కొట్టి టైమ్, ఎంత తాగాను, ఎంత పోశాను, తొందర ఎంత ఉంది, తడిసిందా లేదా అని ఐదు గళ్లు పెట్టాను. తొందరకు సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు.

మొదటి రోజు పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది. తెల్లవారి 5:50కి 390 మిల్లీలీటర్లు, తొందర రెండు. 8:30కి 140, తొందర మూడు. 9:45కి గంట, 90, తొందర నాలుగు. 10:30కి గంట, 70, తొందర నాలుగు. సాయంత్రం 5:15కి తాళంచెవి, 130, తొందర నాలుగు, తడిసింది. మొత్తం 14 సార్లు.

ఆ పేజీని ఆ అమ్మాయి నా వైపు తిప్పి, 390 మీద ఒక వేలు, 70 మీద ఒక వేలు పెట్టి ఊరుకుంది. ఏమీ అనలేదు. చూసుకున్నాను. రెండూ ఒకే సంచిలోవి. నిద్రలో 390 మోసిన సంచి, ప్రాణం పోతున్నంత తొందరతో పరుగెత్తించి చేతిలో పోసింది 70. సంచి చిన్నదైతే రాత్రి కూడా చిన్నదిగానే ఉండాలి కదా! తేడా సంచిలో లేదు, దాని కబురును నా మెదడు చదివే తీరులో ఉంది.

మీరూ ఇలాగే వరసగా మూడు రోజులు కొలిచి రాయండి. ఒకరోజు పనిదినం, ఒకరోజు సెలవు ఉండేలా చూసుకోండి. పెద్దవాళ్ల సంచి మామూలుగా 400 నుంచి 600 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. 150, 200 దగ్గర "ఏదో నిండుతోంది" అని మొదటి కబురు అందుతుంది. అది కబురే, ఆజ్ఞ కాదు. పగలు ఏడెనిమిదిసార్లు వెళ్లడం మామూలే. పేజీలో చూడాల్సింది రోజంతటికీ పెద్ద అంకె ఎంత, తొందర నాలుగు వేసిన చోట అంకె ఎంత అన్నది. ఆ రెంటికీ మధ్య దూరం ఉంటే ఈ సాధన మీకు పనికొస్తుంది. అన్ని అంకెలూ పెద్దవే అయి రోజుకు రెండున్నర, మూడు లీటర్లు దాటుతుంటే సమస్య వేరు. ఎక్కువ తాగుతున్నారో, షుగర్ లాంటిదేదైనా ఉందో చూడాలి.

సంచికీ మెదడుకీ మధ్య జరిగే మాటలు

మూత్రపిండాలు చుక్కచుక్కగా పంపిస్తూనే ఉంటాయి. సంచి గోడంతా కండరం, దాని పేరు డెట్రూసర్. నిండుతున్నంతసేపూ అది సడలి సాగుతూ ఉండాలి, కింద ద్వారం బిగుసుకుని ఉండాలి. నడుము పైభాగం నుంచి వెళ్లే నరాలు "సాగు, సాగు" అని సంచిని బుజ్జగిస్తుంటాయి. పోసేటప్పుడు అంతా తలకిందులవుతుంది. వెన్ను అడుగుభాగం నుంచి వెళ్లే నరాలు సంచిని పిండుతాయి, ద్వారం వదులవుతుంది. ఈ రెండు పనులూ ఒకేసారి జరగకూడదు. లైటు స్విచ్చులాగా ఇటో అటో ఉండాలి తప్ప మధ్యలో ఆగడానికి లేదు.

సాగుతున్న సంగతి మెదడుకు ఎలా తెలుస్తుంది? సంచి లోపలి పొరలోనూ, అక్కడికి వెళ్లే నరాల్లోనూ పీజో2 అనే ప్రొటీన్ ఉంటుంది. ఒత్తిడి పడితే తెరుచుకునే చిన్న తలుపులాంటిది. దాన్ని కనుక్కున్న ఆర్డెమ్ పాటపూటియన్‌కు 2021లో నోబెల్ బహుమతి ఇచ్చారు, డేవిడ్ జూలియస్‌తో కలిపి. పుట్టుకతోనే ఈ జన్యువు పనిచేయనివాళ్లు కొద్దిమంది ఉన్నారు. సంచి నిండిన సంగతి వాళ్లకు సరిగా తెలియదు. గడియారం చూసుకుని రోజుకు ఇన్నిసార్లని వెళ్తారు. ఈ విషయం తెలిశాక, నన్ను పీడించే ఆ తన్నుకురావడం మీద ఉన్న కోపం కొంత తగ్గింది. అది లేకపోవడం కూడా కష్టమే.

కబురు వెన్నుపాము మీదుగా మెదడు కాండానికి చేరుతుంది. అక్కడ పాన్స్ అనే భాగంలో ఒక చిన్న కేంద్రం ఉంది. స్విచ్చు అదే. 1925లో బారింగ్టన్ అనే బ్రిటిష్ సర్జన్ పిల్లుల మీద పరిశోధన చేసి దాన్ని గుర్తించాడు, అందుకే దాన్ని బారింగ్టన్ కేంద్రం అని కూడా అంటారు. ఆ స్విచ్చు పడితే సంచి పిండుకోవడం, ద్వారం తెరుచుకోవడం ఒక క్రమంలో జరిగిపోతాయి. పసిపిల్లల్లో నిండగానే స్విచ్చు పడిపోతుంది, అడ్డేమీ ఉండదు. మూడు నాలుగేళ్లు వచ్చేసరికి నుదుటి వెనక ఉన్న ముందు మెదడు పెత్తనం తీసుకుంటుంది. కబురు రాగానే "ఇప్పుడు కాదు, ఇక్కడ కాదు" అని స్విచ్చు మీద చేయి అడ్డం పెడుతుంది. మనం మెలకువగా ఉన్నంతసేపూ, మనకు తెలియకుండానే, ఆ చేయి అక్కడే ఉంటుంది.

నెదర్లాండ్స్‌లో హోల్‌స్టెగే బృందం 1997లో దీన్ని మనుషుల్లో చూపించింది. 17 మంది మగవాళ్లను స్కానర్‌లో పడుకోబెట్టి మూత్రం పోయమన్నారు. పదిమంది పోయగలిగారు, పాన్స్‌లోని ఆ చోటు పనిచేయడం స్కానులో కనిపించింది. మిగిలిన ఏడుగురికి సంచి నిండుగా ఉంది, ఎంతో ప్రయత్నించారు, రాలేదు. పరాయిచోట, నలుగురి మధ్య, మెదడు అనుమతి ఇవ్వలేదు. పబ్లిక్ టాయిలెట్‌లో పక్కన మనిషి ఉంటే రాకపోవడం చాలామందికి అనుభవమే. ఇటు నాదేమో చేయి జారిపోయే బాధ. సంచి రెండు చోట్లా ఒకటే, పైనుంచి వచ్చే మాట వేరు.

నా విషయంలో జరిగింది ఇది. రాకముందే వెళ్లి వెళ్లి, 70, 80 మిల్లీలీటర్లకే స్విచ్చు వేయడం మెదడుకు నేర్పాను. పైగా ప్రతిసారీ గంట మోగాకే వెళ్లాను కాబట్టి గంటకీ మూత్రానికీ ముడిపడిపోయింది. తాళంచెవి కథా అదే. గుమ్మం దాటగానే బాత్రూం అని వేల సాయంత్రాలు నేర్పితే, చెవి తిప్పగానే ముందు మెదడు చేయి తీసేయక ఏం చేస్తుంది? నల్లా తిప్పిన శబ్దానికి రావడం, ఇల్లు దగ్గరపడే కొద్దీ ఎక్కువవడం, అన్నీ ఈ కోవలోవే. నేర్పింది మనమే కాబట్టి మాన్పించడమూ మన చేతిలోనే ఉంది.

నిలబడటం ఎలా

అసలు విద్య ఇదే. తన్నుకొచ్చినప్పుడు పరుగెత్తకూడదు. పరుగెత్తితే పొట్ట అదురుతుంది, సంచి మీద ఒత్తిడి పడుతుంది, ధ్యాసంతా బాత్రూం తలుపు మీదే ఉంటుంది. మెదడుకు అందే సందేశం ఒక్కటే, "ఇక పోసేయొచ్చు" అని. ఆ తొందర అలలాంటిది. లేస్తుంది, పైకెళ్తుంది, విరిగి పడుతుంది. మనం ఎప్పుడూ అల శిఖరం మీద ఉండగా పరుగెత్తుతాం, అందుకే దారిలో తడుస్తుంది. విరిగిపడే దాకా నిలబడి, ఆ తర్వాత నింపాదిగా నడవాలి.

ఉన్నచోటే ఆగండి. కుర్చీ ఉంటే గట్టి కుర్చీ అంచున కూర్చోండి, లేకపోతే కాళ్లు దగ్గరగా పెట్టి నిలబడండి. కింది కండరాలను చప్పున బిగించి వదలండి, బిగించి వదలండి, అలా ఐదారుసార్లు. కింది కండరాలంటే నలుగురిలో ఉన్నప్పుడు గాలి వదలకుండా ఆపుకోవడానికి బిగిస్తామే, అవి. పెల్విక్ ఫ్లోర్ అంటారు. పిరుదులు, తొడలు, పొట్ట బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. ఆ కండరాలు బిగిసినప్పుడల్లా వెన్నుపాములోకి ఒక కబురు వెళ్తుంది, సంచిని పిండే నరాలను అది అక్కడే అణుస్తుంది. ద్వారం మూసినట్టూ అవుతుంది, సంచికి "సడలు" అని చెప్పినట్టూ అవుతుంది. ఆ అమ్మాయి ఈ మాట చెప్పినప్పుడు నమ్మకం కుదరలేదు. చేసి చూశాక కుదిరింది.

తర్వాత నెమ్మదిగా ఊపిరి వదులుతూ మెదడుకు వేరే పని ఇవ్వండి. నేను వంద నుంచి వెనక్కి ప్రధాన సంఖ్యలు చెప్పుకునేదాన్ని. 97, 89, 83, 79, 73... మొదట్లో 61 దగ్గరికి వచ్చేసరికి అల విరిగేది, తర్వాత్తర్వాత 79 దాకా కూడా పోనక్కర్లేకపోయింది. మీకు అంకెలు పడకపోతే తరగతిలో మీతో చదివినవాళ్ల పేర్లు ఇంటిపేర్లతో సహా తలుచుకోండి. కొంచెం కష్టమైన పని కావాలి, అంతే. నోటికొచ్చిన శ్లోకం, పాట పనిచేయలేదు నాకు. అవి మెదడుకు పని పెట్టవు, వాటంతట అవే సాగిపోతాయి.

అల విరిగాక ఒక క్షణం ఆలోచించండి. పోయాల్సిన టైమ్ అయిందా? అయితే నడిచి వెళ్లండి, మామూలు నడక. కాలేదా? పనిలో పడిపోండి. బాత్రూం తలుపు దగ్గర మళ్లీ అల లేస్తే అక్కడ కూడా ఆగండి. మొదటి వారం నేను తలుపు పిడి పట్టుకుని రెండుసార్లు తడుపుకున్నాను. ఏడుపొచ్చింది. అయినా నోటుబుక్కులో రాశాను. మూడో వారానికి ఆ గడిలో రాయడానికి ఏమీ లేదు.

టైమ్ పెంచడం

మీ మూడు రోజుల పేజీల్లో ఇబ్బంది లేకుండా ఎంతసేపు ఉండగలుగుతున్నారో చూసి, అక్కడి నుంచి మొదలుపెట్టండి. నాది గంట. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి, వచ్చినా రాకపోయినా వెళ్లాలి. ఆ లోపల వస్తే పైన చెప్పినట్టు నిలబడాలి. వారం రోజులు ఇబ్బంది లేకుండా గడిస్తే పావుగంట పెంచాలి. అలా మూడు గంటల దాకా. గొప్పకు పోయి ఒకేసారి గంట పెంచకండి. తడిసిందంటే మెదడుకు మళ్లీ పాత పాఠమే చెప్పినట్టవుతుంది. నాకు మూడు గంటలకు చేరడానికి 11 వారాలు పట్టింది. చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో తేడా కనిపిస్తుంది. మధ్యలో జలుబు, దగ్గు వచ్చిన వారం, పరీక్ష పేపర్లు దిద్దిన వారం వెనక్కి జారాను. జారితే పావుగంట తగ్గించుకుని మళ్లీ అక్కడి నుంచి మొదలుపెట్టాను.

బడి గంటకు పడిన ముడి విప్పడానికి వేరే సాధన చేశాను. బడి గంట శబ్దాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. ఇంట్లో, మూత్రం పోసి వచ్చిన పది నిమిషాలకు, కుర్చీలో కూర్చుని ఆ శబ్దం పెట్టుకునేదాన్ని. సంచి ఖాళీ అని నాకు తెలుసు, అయినా పొత్తికడుపులో లాగేది! దాన్ని గమనిస్తూ కదలకుండా కూర్చునేదాన్ని. రోజుకు ఆరేడుసార్లు. పది రోజులకు అది ఉత్త శబ్దమైంది. తాళంచెవికీ అంతే. చెవి పెట్టి, తిప్పి, తలుపు తీసి, లోపలికి వెళ్లకుండా మళ్లీ వేసేదాన్ని. లోపలికి వెళ్లాక బాత్రూం వైపు కాకుండా హాల్లో కుర్చీ దగ్గరికి వెళ్లి, చెప్పులు సర్ది, బ్యాగులోవి తీసి సర్దాకే వెళ్లేదాన్ని. ఈ ఉపాయం ఎవరూ చెప్పలేదు, నేనే కల్పించుకున్నాను. నాకు అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఇదే. మీకు ఏ శబ్దంతో, ఏ చోటుతో ముడిపడిందో నోటుబుక్కే చెబుతుంది.

"ఎందుకైనా మంచిది" అని వెళ్లడం పూర్తిగా మానేయండి. పడుకోబోయే ముందు, దూర ప్రయాణానికి ముందు తప్పులేదు. పెట్టుకున్న టైమ్ ప్రకారం వెళ్లడం వేరు, అది సాధనే. మిగతా అన్నిసార్లూ తప్పే.

కండరాలకు బలం

తొందర వచ్చినప్పుడు బిగించాలంటే బిగించే శక్తి ముందే ఉండాలి. బిగించి ఐదు లెక్కపెట్టి, పూర్తిగా వదిలి మళ్లీ ఐదు లెక్కపెట్టడం ఒకసారి. అలా పదిసార్లు, పూటకోసారి చొప్పున రోజుకు మూడు పూటలు. వారాలు గడిచేకొద్దీ ఐదును పదికి పెంచాలి. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ డాక్టరు 1948లో ఈ వ్యాయామం గురించి రాశాడు, అందుకే కెగెల్స్ అంటారు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయమని కొందరు చెబుతారు, వినకండి. స్విచ్చు ఇటో అటో ఉండాలన్నాను కదా, పోసేటప్పుడు మధ్యలో ఆపితే ఆ క్రమాన్నే చెడగొట్టినట్టు. ఇంకో మాట. వదలడం కూడా బిగించినంత ముఖ్యం. కొందరికి ఈ కండరాలు ఎప్పుడూ బిగుసుకునే ఉంటాయి, కలయికలో నొప్పి, మూత్రం మొదలవడానికి ఆలస్యం ఉంటాయి. అలాంటివాళ్లు బిగించే సాధన చేస్తే ఇంకా ఇబ్బంది. ఫిజియోథెరపిస్ట్‌కు చూపించుకున్నాకే చేయాలి.

పోసేటప్పుడు నింపాదిగా కూర్చోండి, పాదాలు నేలకు ఆనాలి. సీటు శుభ్రంగా లేదని గాల్లో లేచి పోయడం ఆడవాళ్లలో చాలామందికి అలవాటు. తొడలు బిగిసి ఉంటే కింది కండరాలు వదులవ్వవు, మూత్రం మిగిలిపోతుంది. తుడుచుకుని కూర్చోండి. ముక్కకండి. ద్వారం వదిలితే చాలు, పిండే పని సంచి చూసుకుంటుంది.

నీళ్ల సంగతి

నీళ్లు తగ్గించడం నేను చేసిన పెద్ద తప్పు. మూత్రం చిక్కబడితే సంచి లోపలి పొర మండుతుంది, తొందర పెరుగుతుంది. మలబద్ధకం వస్తుంది, నిండిన పేగు పక్కనే ఉన్న సంచిని నొక్కుతుంది. రోజుకు లీటరున్నర, రెండు లీటర్లు, కొద్దికొద్దిగా, రోజంతా పరిచి తాగండి. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపోయినట్టు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి. కాఫీ, టీలలోని కెఫీన్ సంచిని రెచ్చగొడుతుంది. నేను ఒక్కసారిగా మానలేదు, తలనొప్పి వస్తుందని వారానికో కప్పు తగ్గించాను. పొద్దున ఒకటి మిగుల్చుకున్నాను.

రాత్రిపూట లేవాల్సి రావడం వేరే వ్యవహారం. మెదడు అడుగున తయారయ్యే వాసోప్రెసిన్ అనే హార్మోన్ రాత్రుళ్లు మూత్రం తయారీని తగ్గిస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఆ తగ్గింపు పలచబడుతుంది. సాయంత్రానికి కాళ్లు వాచేవాళ్లకు, పడుకోగానే ఆ నీరంతా రక్తంలోకి తిరిగొచ్చి మూత్రమవుతుంది. సాయంత్రం ఓ గంట కాళ్లు ఎత్తున పెట్టుకుని పడుకుంటే ఆ నీరు నిద్రకు ముందే దిగిపోతుంది. గట్టిగా గురకపెట్టి, నిద్రలో ఊపిరి ఆగిపోయేవాళ్లకు కూడా రాత్రి మూత్రం ఎక్కువ. అది సంచి డాక్టరుకు కాదు, నిద్ర సమస్యలు చూసే డాక్టరుకు చెప్పాల్సిన విషయం.

మూడు నెలలు శ్రద్ధగా చేసినా మార్పు లేకపోతే నిరాశపడకండి. సంచిని సడలించే మాత్రలు ఉన్నాయి, సంచి గోడకు బొటాక్స్ ఇంజెక్షన్ ఉంది, వెన్ను చివర నరాలకు చిన్న కరెంటు ఇచ్చే పరికరం ఉంది. యూరాలజిస్ట్‌తో మాట్లాడండి.

మా అమ్మ

ఇదంతా నాకు ముందే తెలిసుంటే మా అమ్మతో అలా మాట్లాడేదాన్ని కాదు. 76వ ఏట చిన్న పక్షవాతం వచ్చింది. రెండు నెలల్లో నడక వచ్చింది, మాట వచ్చింది. కానీ మంచం మీదే తడుపుకోవడం మొదలైంది. "అమ్మా, ఒక్క మాట ముందు చెబితే తీసుకెళ్తాను కదా! పక్కగదిలోనే ఉన్నాను కదా!" అని ఒకరోజు విసుక్కున్నాను. దుప్పటి తీస్తుంటే అమ్మ గోడవైపు తిరిగి, "వస్తున్నట్టు తెలిసేలోపే అయిపోతోందే తల్లీ" అంది. సాకు చెబుతోందనుకున్నాను.

ఆండ్రూ, నేథన్ అనే ఇద్దరు డాక్టర్లు 1964లోనే రాశారట, ముందు మెదడు దెబ్బతిన్నవాళ్ల గురించి. వాళ్లు మతి తప్పినవాళ్లు కారు, పట్టింపు లేనివాళ్లూ కారు. తడిసినందుకు సిగ్గుపడతారు, బాధపడతారు. హెచ్చరిక మాత్రం అందదు, అందినా ఆపే చేయి ఉండదు. అమ్మ చెప్పింది అక్షరాలా అదే.

ఇలాంటివాళ్లకు నిలబడే విద్య నేర్పలేం. ఆపే చేయి లేనప్పుడు అల రాకముందే వెళ్లాలి. మూడు రోజులు రాసి చూస్తే అమ్మకు రెండుంబావు గంటలకోసారి అవుతోందని తేలింది. అందుకే రెండు గంటలకోసారి, అడిగినా అడగకపోయినా, తీసుకెళ్లడం మొదలుపెట్టాం. "వస్తోందా?" అని అడగం, "టైమైంది, వెళ్దామా" అంటాం. మంచం నుంచి బాత్రూం దాకా దారిలో ఉన్న పట్టాలు, స్టూళ్లు తీసేశాం, రాత్రి వెలిగే చిన్న లైటు పెట్టాం, గోడకు పట్టుకునే కడ్డీ బిగించాం, బొందులున్న బట్టలు తీసేసి ఎలాస్టిక్‌వి కుట్టించాం. పెద్దవాళ్లకు మాత్రలు రాయించేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. సంచిని సడలించే మాత్రల్లో కొన్ని మతిమరుపును, అయోమయాన్ని పెంచుతాయి. డాక్టర్ని అడిగి, ఆ రకం కానిది ఉంటే రాయమనండి.

దుప్పట్లు ఉతకడం రోజుకు రెండుసార్ల నుంచి వారానికి ఒకసారికి వచ్చింది. ఇప్పుడు నేను గడియారం చూసి లేచేలోపే అమ్మ మంచం మీద లేచి కూర్చుని, "ఏమే, టైమైంది" అని చేయి చాపుతుంది.